ఆరోగ్యశాలకు కిటికీ ఎటువైపు?

చాలాకాలం తరువాత ఈ గూటికి వచ్చాను. ఛందస్సు గురించో, శాసనాల భాష గురించో ఏదో రాసి ఉంటానని తొంగిచూసిన పాత నేస్తాలకు ఈసారి కొంత ఆశాభంగం తప్పదు. ఈ టపా ఆస్పత్రి గోడల గురించి. తెలుగు పండితుడికి ఆస్పత్రి గోడలతో ఏమి పని అని మీరు అడగకముందే ఆ కథ చెప్పేస్తాను.

ఆళ్లగడ్డ ఉన్నత పాఠశాలలో నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు ఇప్పుడు వైద్యుడు. పోయిన వేసవిలో నంద్యాలలో మా ఇంటికి వచ్చి, చుట్టి తెచ్చిన కాగితాన్ని బల్లమీద పరిచాడు. ఆళ్లగడ్డలో తాను కట్టబోయే ఇరవై నాలుగు పడకల ఆస్పత్రి ప్లాను అది.

"అయ్యవారూ, పేరు మీరే పెట్టాల. సంస్కృతంలో ఉండాల, పల్లెటూరి వాళ్ల నోరు తిరగాల" అన్నాడు.

పేరు అడిగితే పొంగిపోని పండితుడుంటాడా? నాలుగైదు పేర్లు నాలుక చివరకు వచ్చాయి కూడా. ఇంతలో మా ఇంటావిడ చేతికర్ర ఆనించుకుంటూ వచ్చి, కళ్లద్దాలు సర్దుకొని, ప్లానుమీదికి వంగింది.

"వార్డుకు కిటికీ యాడుంది నాయనా?"

రోడ్డువైపు మందుల షాపు, స్కానింగు గది వస్తాయనీ, మిగిలిన రెండు వైపులా పక్కవాళ్ల గోడలనీ, వెనుకవైపు వరండాను మూసేస్తే మరో నాలుగు పడకలు పడతాయనీ అతడు ఓపికగా వివరించాడు. "ఏసీ పెడ్తామమ్మా. కిటికీ తీస్తే చల్లదనం నిలవదు" అన్నాడు.

ఆమె ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ ప్రశ్న వెనుక ఉన్నది తెలుసు. రెండేళ్ల క్రితం ఆమె జారిపడి తుంటి ఎముక విరిగింది. ఊరు, పేరు ఇక్కడ అప్రస్తుతం. ఒక ఆస్పత్రిలో శస్త్రచికిత్స జరిగింది, చక్కగానే జరిగింది. ఆ తరువాత నాలుగు రోజులు కిటికీ లేని గదిలో, రాత్రీ పగలూ ఒకే తెల్లని దీపం కింద ఉంచారు. రెండో రోజుకే ఆమెకు కాలం తెలియడం మానేసింది. మిట్టమధ్యాహ్నం "కోడి ఇంకా కూయలేదేమి?" అని అడిగింది. మూడోనాడు, ముప్పై ఏళ్ల క్రితం పోయిన వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి ఉందనీ, లోపలికి పిలవమనీ నన్ను బతిమాలింది. నలభై ఏళ్లు కలిసి బతికిన మనిషి నన్ను పరాయివాణ్ణి చూసినట్లు చూసింది. పెద్ద వయసు, మత్తుమందు, ఇది మామూలే అన్నారు వైద్యులు. వారి మాటలో అబద్ధం లేదు. ఇంటికి తెచ్చి వేపచెట్టు కనిపించేచోట మంచం వేశాక, మూడో రోజుకు ఆమె మళ్లీ ఆమె అయింది.

ఆ కిటికీయే ఉంటే అలా జరిగేది కాదా? ఈ ప్రశ్న రెండేళ్లుగా నన్ను తొలుస్తూనే ఉంది. అందుకే శిష్యుడితో "పేరు సంగతి తరువాత చూద్దాం, నాకు ఒక నెల గడువివ్వు" అన్నాను. ఆ నెలలో చదివింది, మా మనవరాలు ఇంటర్నెట్టులో వెతికి తెచ్చిచ్చింది, నాకు ఒంటబట్టినమేరకు మీతో పంచుకుంటున్నాను.

* * *

మొదట మన ఇంట్లోనే వెతికాను. చరక సంహిత సూత్రస్థానంలో పదిహేనో అధ్యాయం రోగికి కట్టవలసిన ఇంటి గురించి చెబుతుంది. దాన్ని వైద్యుడు కట్టడు. వాస్తువిద్యలో నేర్పరి కట్టాలి. ఇల్లు దృఢంగా ఉండాలి, నివాతంగా ఉండాలి, అంటే ఈదురుగాలి నేరుగా రోగిమీద కొట్టకూడదు. అయితే ఒకవైపు మాత్రం గాలి ధారాళంగా ఆడాలి. దీనికి చరకుడు వాడిన మాట 'ప్రవాతైకదేశం'. లోపల సుఖంగా తిరగడానికి చోటుండాలి. పెద్ద కట్టడం నీడలో అణగిపోయి ఉండకూడదు. పొగ, ఎండ, నీరు, దుమ్ము చొరకూడదు. మరుగుదొడ్డి, స్నానానికి చోటు, వంటశాల ఉండాలి. ఆ తరువాత పరిచారకుల జాబితాలో పాటలు పాడేవారు, కథలు చెప్పేవారు కూడా ఉన్నారు! రోగి మనసు కూడా చికిత్సలో భాగమేనని అప్పటివారు తలచారన్నమాట.

నా ఛాతీ ఉబ్బిన మాట వాస్తవం. కానీ ఇక్కడే ఆగిపోతే అది పండితుడి గర్వమే తప్ప చరిత్ర కాదు. చరకుడు ఇలా కట్టాలన్నాడు. అలా కట్టిన ఇంట్లో ఎందరు కోలుకున్నారు, కట్టని ఇంట్లో ఎందరు పోయారు అన్న లెక్క మనకు మిగలలేదు. విధి ఉంది, పరీక్ష లేదు. శాస్త్రవాక్యం ఎంత గొప్పదైనా సాక్ష్యం వేరు.

మన తెలుగునేలపై ఆస్పత్రి ఉనికికి గట్టి సాక్ష్యం రాతిమీద ఉంది. కృష్ణ కుడిగట్టున మందడం చెంత, ఇప్పుడు అమరావతి రాజధాని ప్రాంతమని పిలుస్తున్నచోట, మల్కాపురం శాసనం నిలిచి ఉంది. 1261 నాటిది, కాకతి రుద్రమదేవి కాలం. గోళకీమఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యుడు తనకు దక్కిన గ్రామాల ఆదాయంతో మఠాన్ని, విద్యాలయాన్ని, అన్నసత్రాన్ని నడిపించాడు. వాటితోపాటు ఒక ప్రసూతిశాల, ఒక ఆరోగ్యశాల. కాన్పులకంటూ వేరే శాల! ఏడున్నర శతాబ్దాల క్రితం మాట. ఆ శాసనంలో వైద్యుడితోపాటు లెక్కలు రాసే కాయస్థుడి ప్రస్తావన కూడా ఉంది. ఆ కాయస్థుడు రాసింది ధాన్యం లెక్క, ధనం లెక్క అయి ఉంటుంది. అతడే కనుక ప్రసూతిశాలకు వచ్చిన తల్లుల లెక్క, క్షేమంగా ఇంటికి వెళ్లిన తల్లుల లెక్క రెండు వరుసల్లో రాసి ఉంటే, అది తాటాకుమీద ఎక్కడైనా మిగిలి ఉంటే... సరే, ఆ ఊహ అక్కడితో వదిలేద్దాం.

* * *

ఆ రెండు వరుసల లెక్కను ప్రపంచం కళ్లముందు పెట్టిన మనిషి ఫ్లారెన్స్ నైటింగేల్. మనం పాఠ్యపుస్తకాల్లో దీపం పట్టుకున్న దేవతగా మాత్రమే పరిచయం చేశాం. నేనూ ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు అలాగే చెప్పాను. ఆమె చేతిలో దీపంకంటే ముఖ్యమైనది లెక్కల పుస్తకం అని చెప్పనందుకు ఇప్పుడు విచారిస్తున్నాను.

క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, ఆమె స్కుటారి సైనిక ఆస్పత్రికి చేరింది. 1855 ఫిబ్రవరిలో అక్కడ నూటికి నలభై ఇద్దరికి పైగా చనిపోతున్నారు. చాలామంది గాయాలతో కాదు, విరేచనాలతో, జ్వరాలతో. మార్చిలో పారిశుధ్య సంఘం వచ్చింది. భవనం కింద కుళ్లిపోయిన మురుగుకాలువలను బాగుచేయించింది, గాలి ఆడేట్లు చేసింది. జూను నాటికి మరణాలు నూటికి రెండుకు దిగాయి. తరువాత ఆమె విలియం ఫార్ అనే గణాంకవేత్త సహాయంతో ఆ లెక్కలను రంగుల పటాలుగా గీసి, చదవడానికి ఓపిక లేని మంత్రులకు కూడా అర్థమయ్యేటట్లు చేసింది. 1859లో ఆస్పత్రుల నిర్మాణంపై పుస్తకం వెలువరించింది. పొడవాటి వార్డులు, వాటికి రెండు వైపులా ఎదురెదురుగా కిటికీలు, ఒక వార్డు గాలి మరో వార్డులోకి పోకుండా విడివిడి కట్టడాలు ఉండాలని వాదించింది. ఆమె ఎన్నడూ మన దేశానికి రాలేదు. అయినా ఇక్కడి కంటోన్మెంట్ల నుంచి వచ్చిన కట్టలకొద్దీ నివేదికలను చదివింది. ఈ దేశంలోని బ్రిటిషు సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక లెక్క తేల్చింది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. రోగాలు చెడుగాలివల్ల పుడతాయని ఆమె నమ్మింది. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి లోకానికి సరిగా తెలియదు. అంటే కారణం తప్పు, ఫలితం ఒప్పు! మా తరగతిలో పిల్లవాడు లెక్క తప్పుగా చేసి జవాబు సరిగా రాస్తే సున్నా వేసేవాళ్లం. చరిత్ర అంత కఠినమైన ఉపాధ్యాయిని కాదు. అయితే 'ముందు, తరువాత' అన్న ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. ముందుకూ తరువాతకూ నడుమ మారింది భవనం ఒక్కటే కాదు. చలికాలం పోయింది, రోగుల తాకిడి తగ్గింది. ఏది ఎంత పని చేసిందో విడదీయడం కష్టం. ఈ మెలిక గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

* * *

నైటింగేల్ నాటిన గాలి, వెలుతురు సిద్ధాంతం మన సీమదాకా వచ్చింది. మదనపల్లె దగ్గర, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, 1915లో క్షయ రోగుల శానిటోరియం మొదలైంది. అనేక క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన సంస్థ అది. మొదటి అధిపతి డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. ఎంత చక్కని పేరో చూడండి! ఈ పేరు పెట్టిన వారెవరో గాని వారికి నా నమస్సులు.

క్షయకు మందులేని కాలం అది. విశ్రాంతి, మంచి తిండి, చల్లని పొడిగాలి, ఇవే చికిత్స. కనుక భవనమే మందు. కొండగాలి ఉన్న చోటు ఎంచుకోవడం, వరండాల్లో మంచాలు వేయడం, ఒక పడకకూ మరో పడకకూ ఎడం ఉంచడం అలంకారాలు కావు, వైద్యం. ఆ రోజుల్లో రాయలసీమ పల్లెల్లో ఎవరికైనా క్షయ వస్తే "ఆరోగ్యవరం తీసకపోండి" అనేవారని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఇల్లు అమ్ముకొని వెళ్లినవారూ ఉన్నారు, పడక దొరక్క వెనక్కి వచ్చినవారూ ఉన్నారు.

తరువాత స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనయాజిడ్ మందులు వచ్చాయి. అప్పుడు ఒక సాహసోపేతమైన ప్రశ్న లేచింది. మందులే రోగం కుదిర్చేటట్లయితే భవనం ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతికింది ఏ లండనులోనో కాదు, మన పొరుగున మద్రాసులో. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి అక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రాన్ని స్థాపించాయి. మద్రాసు పేటల్లోని పేదరోగులను రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గం శానిటోరియానికి, మరో వర్గం తమ ఇరుకు ఇళ్లకే. ఇద్దరికీ అవే మందులు, ఏడాదిపాటు.

ఎవరు ఎటు వెళ్లాలన్నది ఎలా నిర్ణయించారో చూడండి. వైద్యుడు ఎంచలేదు, రోగి కోరుకోలేదు. చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. వైద్యుడికే వదిలేస్తే జాలిపడి ఎక్కువ జబ్బు చేసినవారిని శానిటోరియానికి పంపుతాడు. డబ్బుకు వదిలేస్తే ఉన్నవారు అక్కడికి వెళతారు. అప్పుడు పోల్చేది భవనాలను కాదు, మనుషుల అదృష్టాలను. చీటీ ఒక్కటే ఈ పక్షపాతాన్ని కడిగేస్తుంది. నైటింగేల్ లెక్కలోని మెలికకు ఇదే విరుగుడు.

1959లో ఫలితం అచ్చయింది. శానిటోరియంలోని వారికి మంచి తిండి, విశ్రాంతి, గాలి ఆడే వార్డు, నర్సుల సేవ. ఇంట్లో ఉన్నవారికి చాలీచాలని తిండి, ఇరుకు, పనికి పోక తప్పని బతుకు. అయినా ఇంటివద్ద మందులు మింగినవారు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లోవారికి రోగం ఎక్కువగా అంటుకోనూ లేదు. దీంతో ప్రపంచమంతటా క్షయ రోగులను నెలల తరబడి కొండలమీద ఉంచే పద్ధతికి కాలం చెల్లింది. లక్షలాది పేదలు ఇల్లు అమ్ముకోకుండా ఇంట్లోనే కోలుకోగలిగారు. ఆస్పత్రి భవనం గురించి జరిగిన పరిశోధనల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఇదే. భవనం అవసరమా అని భవనాన్నే బోనులో నిలబెట్టి అడిగింది కదా!

* * *

ఇక కిటికీ సంగతికి వస్తాను. 1972లో విల్సన్ అనే అమెరికా వైద్యుడు రెండు ఆస్పత్రుల్లోని ఇంటెన్సివ్ కేర్ గదులను పోల్చాడు. ఒకచోట కిటికీలున్నాయి, మరోచోట లేవు. శస్త్రచికిత్స తరువాత కనీసం మూడు రోజులు అక్కడ గడిపిన రోగులను ఒక్కోచోట యాభై మంది చొప్పున తీసుకున్నాడు. కిటికీ లేనిచోట నూటికి నలభై మందికి సన్నిపాతంలాంటి మతిభ్రమ కలిగింది. కిటికీ ఉన్నచోట పద్దెనిమిది మందికి.

ఈ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. వాళ్లమ్మను లోపలికి పిలవమని బతిమాలిన మా ఇంటావిడ ముఖం కళ్లముందు నిలిచింది. నా అనుమానమే నిజమని సంబరపడ్డానో, నాలుగు రోజులు ఆ గదిలో ఆమెను ఉండనిచ్చినందుకు కుమిలిపోయానో చెప్పలేను.

1984లో రోజర్ ఉల్రిక్ అనే శాస్త్రజ్ఞుడు మరింత జాగ్రత్తగా అడుగు వేశాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో వరుసగదుల్లో కొన్నింటి కిటికీ చెట్లవైపు, కొన్నింటిది ఇటుకగోడవైపు తెరుచుకునేవి. 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం తీయించుకున్నవారి పాత కాగితాలు తిరగేసి, వయసు, స్త్రీపురుష భేదం, పొగతాగే అలవాటు వంటివి సరితూగేటట్లు ఇరవై మూడు జంటలు కూర్చాడు. జంటలో ఒకరు చెట్టు చూసినవారు, మరొకరు గోడ చూసినవారు. కాగితాల నుంచి వివరాలు తీసిన నర్సుకు ఏ రోగి ఏ గదిలో ఉన్నాడో తెలియనివ్వలేదు. చెట్టు చూసినవారు సగటున 7.96 రోజుల్లో ఇంటికి వెళ్లారు, గోడ చూసినవారు 8.70 రోజుల్లో. చెట్టువైపు వారు బలమైన నొప్పిమందులు తక్కువగా తీసుకున్నారు. రోగి దిగులుగా ఉన్నాడు, ఏడుస్తున్నాడు అన్నలాంటి నర్సుల రాతలు గోడవైపు వారికి సగటున నాలుగు, చెట్టువైపు వారికి ఒకటి. ఈ చిన్న వ్యాసం నుంచే 'సాక్ష్యాధారిత ఆస్పత్రి నిర్మాణం' అనే విద్య వేళ్లూనుకుంది. ఉల్రిక్ బృందమే 2004లో లెక్కవేస్తే ఇలాంటి అధ్యయనాలు ఆరు వందలు దాటాయి.

ఇక్కడ టపా ముగించి "చరకుడు గెలిచాడు, మా ఇంటావిడ గెలిచింది" అని రాసుకుంటే ఎంత బాగుండేదో! కానీ మనవరాలు మరో కాగితం తెచ్చి ముందు పెట్టింది. 2013లో అమెరికాలోనే ఇంటెన్సివ్ కేర్ రోగులు ఆరు వేలకు పైగా మందిని పరిశీలించారు. కిటికీ ఉన్న గది, లేని గది, చెట్లు కనిపించే గది, కనిపించని గది, ఇలా పోల్చారు. ప్రాణం నిలవడంలో గాని, ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో గాని, ఖర్చులో గాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

విల్సన్ పోల్చింది రెండు వేర్వేరు ఆస్పత్రులను. కిటికీతోపాటు అక్కడ ఇంకెన్నో వేరుగా ఉండి ఉంటాయి. ఉల్రిక్ చూసింది నలభై ఆరుగురినే, అదీ ఒకే రకం శస్త్రచికిత్స. 2013 నాటివారు లెక్కించింది ప్రాణాలను, రోజులను, డాలర్లను. కోడి కూత వినబడక కలవరపడిన ముసలిమనిషి భయం ఆ లెక్కలో లేదు. ఇలా ఎటు తిప్పినా పూర్తి తీర్పు రాదు. మా ఇంటావిడకు జరిగినదానికి కిటికీ లేకపోవడమే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఒక్క మనిషి అనుభవం కథ అవుతుంది, సాక్ష్యం కాదు. నలభై ఏళ్లు పక్కన కూర్చున్నవాడికి ఈ మాట రాయడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు.

* * *

అయితే కిటికీకి మరో పని ఉంది. ఆ విషయంలో సాక్ష్యం చాలా గట్టిది. 2007లో ఎస్కోంబ్ అనే పరిశోధకుడి బృందం పెరూ దేశపు లిమా నగరంలో ఎనిమిది ఆస్పత్రులకు వెళ్లింది. క్షయ రోగులుండే గదుల్లోకి బొగ్గుపులుసు వాయువును వదిలి, అది ఎంత వేగంగా పలచబడుతుందో కొలిచింది. దాన్నిబట్టి గదిలోని గాలి గంటకు ఎన్నిసార్లు పూర్తిగా మారుతుందో తెలుస్తుంది. డెబ్బై గదులు, 368 సార్లు కొలతలు. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచితే గంటకు 28 సార్లు. అవన్నీ మూసేస్తే అందులో పద్దెనిమిదో వంతు. రోగం అంటుకునే ప్రమాదం ఎక్కువగా ఉన్నచోట యంత్రాలతో గాలి మార్చాలని చెప్పిన ప్రమాణం పన్నెండు సార్లు మాత్రమే. అన్నిటికంటే ఆశ్చర్యం మరొకటి. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న యాభై ఏళ్లు దాటిన పాత వార్డుల్లో నలభై సార్లు, కొత్తగా కట్టినవాటిలో పదిహేడు సార్లు!

కారణం తప్పు, ఫలితం ఒప్పు అన్నాను కదా. నైటింగేల్ వార్డులోని కిటికీకి నూటయాభై ఏళ్ల తరువాత సరైన కారణం దొరికింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంపై మార్గదర్శకాలు వెలువరించింది. సాధారణ వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్ల గాలి అందాలన్నది. 2020లో కరోనా వచ్చినప్పుడు మూసిన గదికీ తెరిచిన గదికీ తేడా ఏమిటో లోకమంతా నేర్చుకుంది. మనమూ నేర్చుకున్నాం, త్వరగానే మరిచిపోయాం.

అలాగని పాతదంతా బంగారం కాదు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదులో విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో ఉస్మానియా ఆస్పత్రి లేచింది. ఎత్తైన కప్పులు, విశాలమైన వరండాలు, గాలికీ వెలుతురుకూ లోటులేని కట్టడం. 2020 జులైలో ఆ పాత భవనంలోని వార్డుల్లోకి వాననీరు చేరి, రోగులను తరలించవలసి వచ్చింది. ఎంత మంచి ప్లానైనా కట్టినవాడితోనే పని పూర్తికాదు. ఏటేటా కనిపెట్టి చూసుకునేవాడు కావాలి.

* * *

నెల గడిచాక శిష్యుడు వచ్చాడు. ఇదంతా పాఠంలా అప్పజెప్పాను. ఓపికగా విని చివరకు నవ్వాడు.

"అయ్యవారూ, మద్రాసు పరిశోధన ప్రకారమైతే బిల్డింగే వద్దు కదా! నన్ను కట్టొద్దంటారా?"

నేనూ నవ్వాను. తరువాత అతడు నిజమైన ప్రశ్న వేశాడు. లిమా సముద్రపు ఒడ్డున ఉన్న చల్లని ఊరు. మన ఎండాకాలంలో కిటికీ తీస్తే వచ్చేది గాలి కాదు, నిప్పుల సెగ. మరి ఎట్లా? సరైన ప్రశ్నే. పరాయిదేశపు కొలతను తెచ్చి మన గోడకు తగిలిస్తే కుదరదు. అప్పుడు నాకు మా తాతగారి మట్టిమిద్దె గుర్తుకొచ్చింది. మందపాటి గోడలు, నాపరాతి అరుగు, మిద్దెలో గవాచి. వేడిగాలి గవాచి గుండా పైకి పోయేది. ఎండ వేళ తలుపులు ఓరగా వేసి, పొద్దువాలాక అన్నీ బార్లా తెరిచేవారు. తూర్పున నల్లమల ఉంది. ఉదయం, రాత్రి అటునుంచి వచ్చే గాలిని రానివ్వవచ్చు. పడమటి ఎండను గోడతో ఆపవచ్చు. ఏసీ వద్దని కాదు, ఏసీ ఉంది కదా అని కిటికీని చంపవద్దని.

చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరకు వెనుక వరండాను మూయకుండా వదిలేయడానికి ఒప్పుకున్నాడు. దానితో నాలుగు పడకలు పోయి ఇరవై మిగిలాయి. నాలుగు పడకలంటే ఒక చిన్న ఆస్పత్రికి మాటలు కాదు, బ్యాంకు అప్పు తీర్చేవాడికి ఆ బరువు తెలుస్తుంది. రోడ్డువైపు మందుల షాపును మాత్రం కదిలించలేకపోయాను. దానితో ఆరు పడకలకు ఇంకా కిటికీ లేదు.

అందుకు బదులుగా ఒక మాట తీసుకున్నాను. తెరిచిన రోజునుంచి ఒక పుస్తకం పెట్టాలి. ఏ పడకమీది రోగి రాత్రిపూట కలవరించాడు, ఎవరు మంచం దిగబోయి పడ్డారు, ఎవరికి నొప్పిమందు ఎన్నిసార్లు ఇచ్చారు, ఎన్నాళ్లకు ఇంటికి వెళ్లారు. కిటికీ పడక ఎవరికన్నది డబ్బునుబట్టి, సిఫారసునుబట్టి కాక చీటీతో తేలాలి. లేకుంటే లెక్క చెడుతుంది. పుస్తకం రాసేవారికి ఏది కిటికీ పడకో తెలియకుంటే మరీ మంచిది. ఇరవై పడకల లెక్కతో లోకానికి సిద్ధాంతం చెప్పలేం. కానీ రెండో అంతస్తు వేసేటప్పుడు ఊహతో కాక ఎంతోకొంత ఎరుకతో వేస్తాడు. మల్కాపురం కాయస్థుడు రాయని రెండు వరుసలు ఆళ్లగడ్డలో ఎవరో రాస్తారు.

"పేరు?" అన్నాడు లేస్తూ.

"ప్రవాత" అన్నాను. గాలి ధారాళంగా ఆడేది అని అర్థం చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకున్నాడు. నోరు తిరుగుతుందన్నాడు.

మా ఇంటావిడ వసారాలో కూర్చొని అంతా వింటోంది. "పేరు బాగుందిలే. ఆ ఆరు పడకలకాడ గోడమీద ఒక గడియారమన్నా పెట్టు నాయనా, రాత్రో పగలో తెలుస్తుంది" అంది.

నెలరోజులు నేను చదివిన కాగితాల్లో ఇంత చౌకైన సలహా నాకు తగల్లేదు. అతడు ప్లానుమీద ఆ మూల పెన్సిలుతో చిన్న సున్నా చుట్టుకున్నాడు.

మిత్రులారా, మీ ఊరి ఆస్పత్రిలో కిటికీ దేనివైపు తెరుచుకుంటుంది? తెరుచుకుంటుందా, లేక మేకులు కొట్టి ఉందా? ఈసారి ఎవరినైనా పలకరించడానికి వెళ్లినప్పుడు ఒక్కసారి చూసి వచ్చి ఇక్కడ రాయండి. కథగా రాసినా సరే, లెక్కగా రాస్తే మరీ సంతోషం.